ఐదు నెలలుగా కిరాయి ఇవ్వని పై పోర్షన్ వాళ్ళను ఖాళీ చేయించడం ఎలా?

మీరు రాసిన దాని సారాంశం ఇది. హైదరాబాద్ కొత్తపేటలో అమ్మానాన్నల సొంతిల్లు. కింద వాళ్ళుంటారు, పై పోర్షన్ కిరాయికి ఇచ్చారు. నెలకు 14,000, రెండు నెలల అడ్వాన్సు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నారు, అది ఎప్పుడో అయిపోయింది, మళ్ళీ రాసుకోలేదు. ఐదు నెలలుగా కిరాయి రాలేదు. అడిగితే "వచ్చే నెల" అంటున్నారు, గట్టిగా అడిగితే "అడ్వాన్సులో పట్టుకోండి" అంటున్నారు. నాన్నగారు నీళ్ళ మోటారు ఆపేద్దామంటున్నారు, బావగారు తాళం వేసేద్దామంటున్నారు, ఎవరో రెంట్ కంట్రోల్ కోర్టుకు వెళ్ళమన్నారు. మీరేమో బెంగళూరులో ఉన్నారు.

హైదరాబాద్, రంగారెడ్డి కోర్టుల్లో లాయరుగా నేను ఎక్కువగా చేసేది ఇలాంటి కేసులే. మీకు వచ్చిన మూడు సలహాల్లో ఒక్కటీ పనికిరాదు. మొదటి రెండూ మిమ్మల్నే ఇరికిస్తాయి, మూడోది తప్పు గుమ్మం ఎక్కిస్తుంది.

ముందు తాళం సంగతి. కిరాయి ఇవ్వకపోయినా, అగ్రిమెంటు అయిపోయినా, ఆ పోర్షన్ ఇప్పుడు చట్టం దృష్టిలో వాళ్ళ స్వాధీనంలో ఉంది. వాళ్ళు ఊరెళ్ళినప్పుడు మీరు తాళం మార్చారనుకోండి, వాళ్ళు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంట్లోకి మళ్ళీ రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎవరి స్వాధీనంలో ఉంటే ఎవరు వెళ్ళగొట్టారన్నది మాత్రమే చూస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు. పైగా లోపల బీరువాలో బంగారం పోయిందని స్టేషన్లో ఫిర్యాదు ఇస్తే, డెబ్భై ఏళ్ళ నాన్నగారు సంజాయిషీ చెప్పుకోవాలి. కరెంటు, నీళ్ళు ఆపినా అంతే. మర్నాడే ఇంజంక్షన్ (అలా ఆపొద్దని కోర్టు ఉత్తర్వు) కోసం కేసు వేసి, "వృద్ధ దంపతులను ఇబ్బంది పెడుతున్న కిరాయిదారు" అన్న కథను "పిల్లలున్న కుటుంబానికి నీళ్ళు ఆపిన ఓనరు" కథగా మార్చేస్తారు. జడ్జిగారి ముందు ఈ రెండో కథకే బలం ఎక్కువ. ఒకే గేటు, ఒకే సంపు వాడుకునే ఇల్లు కాబట్టి గొడవ పెట్టుకోవడానికి రోజుకు పది సాకులు దొరుకుతాయి. నాన్నగారిని ఆ మోటారు స్విచ్చి జోలికి వెళ్ళొద్దని చెప్పండి. కిరాయి విషయం మేడ మీదకెళ్ళి మాట్లాడటం కూడా ఇవాళ్టి నుంచి మానేయాలి, ఏదున్నా రాతలోనే.

పోలీసుల దగ్గరికి వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్" అంటారు, నిజం కూడా అదే. తెలిసిన ఎస్సైగారు పిలిచి గద్దిస్తారన్న ఆశతో వెళ్ళకండి. ఒకసారి గద్దిస్తే భయపడేవాళ్ళు ఎలాగూ నోటీసుకు కూడా భయపడతారు. భయపడనివాళ్ళు పోలీసు వేధింపులంటూ హైకోర్టుకు వెళ్తారు. సెటిల్‌మెంట్లు చేసే మనుషుల సంగతి నేను ఎత్తను, మీరూ ఎత్తకండి.

ఇక రెంట్ కంట్రోల్. కిరాయిల మీద, ఖాళీ చేయించడం మీద ఆంక్షలు పెట్టే 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఇప్పటికీ ఉంది. మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే అది వర్తించదు. కట్టి పదిహేనేళ్ళు నిండని ఇళ్ళకూ వర్తించదు. ఆ అంకెలు 2005లో పెట్టినవి. ఇవాళ ఆ డబ్బుకు నగరంలో బాత్రూమున్న ఒక్క గది కూడా దొరకదు, కాబట్టి నివాసపు ఇళ్ళలో ఆ చట్టం దాదాపు పాత బస్తీ కిరాయిలకే మిగిలిపోయింది. మీది 14,000. మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, వెళ్ళాల్సింది మామూలు సివిల్ కోర్టుకు. కొత్తపేట కాబట్టి ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో. రెంట్ కంట్రోలర్ ముందు వేస్తే ఏడాది తర్వాత "మాకు పరిధి లేదు" అని తిప్పి పంపుతారు, ఆ ఏడాదీ పోయినట్టే. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ గురించి కూడా చాలామంది చెబుతుంటారు. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన శాసనసభలో చట్టంగా చేసుకుంటే తప్ప మనింటికి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే చట్టం చేశారు, ఇల్లు విజయవాడలోనో విశాఖలోనో ఉన్నవాళ్ళు నేను ఇక్కడ చెప్పేది యథాతథంగా పాటించకుండా అక్కడి లాయర్ని అడగాలి.

నిజానికి మీ పరిస్థితి మీరనుకుంటున్నంత బలహీనంగా లేదు. అగ్రిమెంటు గడువు తీరాక కూడా వాళ్ళు ఉంటూ, మీరు కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి అది నెలనెలా కిరాయిగా మారింది. నెలనెలా కిరాయిని రద్దు చేయడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. కారణం చెప్పాల్సిన పని లేదు. ఇది చాలామంది ఓనర్లకు తెలియదు. "ఐదు నెలలు ఇవ్వలేదని ఎలా నిరూపించాలి, నగదు ఇచ్చామని అబద్ధమాడితే ఎలా" అని నిద్ర పోరు. కిరాయి ఎగ్గొట్టినందుకే ఖాళీ చేయమంటున్నానని అడిగితే ఆ తంటా వస్తుంది. అదే చట్టం సెక్షన్ 114 ప్రకారం కోర్టులో బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేసి ఇంట్లోనే ఉండిపోయే వీలు కూడా వాళ్ళకు దొరకవచ్చు. కిరాయి ఒప్పందాన్నే రద్దు చేశాను, ఖాళీ చేయండి అని అడిగితే మీరు చూపించాల్సినవి మూడే: వాళ్ళు మీ కిరాయిదారులని, కిరాయి 3,500 పైన అని, నోటీసు సరిగా అందిందని. బాకీ డబ్బు అదే దావాలో రెండో కోరికగా అడగండి, ఇల్లు ఖాళీ చేయించడం దాని మీద ఆధారపడకుండా. బాకీ వసూలుకు మూడేళ్ళ గడువు ఉంది, తొందరేమీ లేదు.

నోటీసు కన్నా ముందు ఒక లెక్క వేసుకోవాలి, నాన్నగారిని కూర్చోబెట్టి వేయండి. ఐదు నెలల బాకీ 70,000. అడ్వాన్సు 28,000 తీసేస్తే 42,000. కోర్టుకు వెళ్తే, ఎదుటివాళ్ళు వాయిదాలు అడుగుతూ పోతే, కింది కోర్టులోనే రెండేళ్ళు పట్టడం మామూలే. రెండేళ్ళ కిరాయి 3,36,000. ఆపైన అప్పీలు, ఆపైన అమలు. అంటే 42,000 పట్టుకుని వేలాడటం కోసం 3,36,000 ప్రమాదంలో పెడుతున్నారు. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమంది "నా కష్టార్జితం, ఒక్క రూపాయి వదలను" అంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ మీకు కావాల్సింది ఇంటి తాళాలు. బాకీ వదులుకోవడమంటే ఆ తాళాలకు మీరు కట్టే వెల. అందుకే నేను నోటీసు పంపుతూనే బేరానికి తలుపు తెరిచే ఉంచుతాను.

బేరం ఎవరితో కుదురుతుందో ముందే కొంత పసిగట్టవచ్చు. ఉద్యోగం పోయినవాళ్ళు, ఆసుపత్రి ఖర్చుల్లో పడ్డవాళ్ళు అడక్కుండానే ఏ మూడు వేలో నాలుగు వేలో వేస్తారు, ఎదురుపడితే తలదించుకుంటారు, ఫోన్ ఎత్తుతారు. ఉండీ ఇవ్వనివాళ్ళు ఫోన్ ఎత్తరు, ఎత్తితే గోడకు చెమ్మ ఉందనీ, గీజరు తామే బాగుచేయించామనీ తిరుగు లెక్కలు చెబుతారు. "అడ్వాన్సులో పట్టుకోండి" అనేది ఈ రెండు రకాలవాళ్ళూ అనే మాటే, దాన్ని బట్టి తేల్చుకోకండి. ఆ మాట అన్న నెలలోనే మీరు కదలాల్సింది. అడ్వాన్సు ఉన్నదే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటుకూ, కరెంటు బాకీకీ. అది కిరాయిలో కరిగిపోయాక మీ చేతిలో పట్టు ఏమీ మిగలదు.

మొదటి రకం వాళ్ళయితే బాకీలో సగమో, అవసరమైతే మొత్తమో మాఫీ చేసి, రెండు నెలల్లో ఖాళీ చేసే తేదీ రాయించుకోండి. మాఫీ ముందే ఇవ్వొద్దు. "ఫలానా తేదీకి ఖాళీ చేసి తాళాలు ఇస్తే బాకీ వదిలేస్తాం, ఇవ్వకపోతే మొత్తం బాకీ ఇవ్వాలి" అన్న షరతుతో ఉండాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, స్టాంపు పేపరు మీద సంతకాలు చేయించుకుని. ఆ పేపరు వాళ్ళు మాట తప్పితే మళ్ళీ కొత్త దావాకు ఆధారం అవుతుంది తప్ప దానికదే ఖాళీ చేయించదు. దాని బదులు ఇద్దరూ కలిసి ఎల్బీ నగర్ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించండి. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోగల తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. తేదీ దాటితే నేరుగా అమలు పిటిషన్ వేసుకోవచ్చు, రెండేళ్ళ దావా తప్పిపోతుంది. నా అనుభవంలో ఓనర్లు అతి తక్కువగా వాడుకునే దారి ఇదే. "మనవాళ్ళే కదా, కోర్టుదాకా ఎందుకు" అని మొహమాటపడి, ఆర్నెల్ల తర్వాత కోర్టుకే వస్తారు.

రెండో రకమైతే నోటీసు. అందులో ఏం ఉండాలో లాయరుకు తెలుసు కానీ మీరు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఇల్లు అమ్మగారి పేరునా, అగ్రిమెంటులో సంతకం నాన్నగారిదా? అలా అయితే ఇద్దరి తరఫునా పంపించండి, "నోటీసిచ్చినాయన మా ఓనరే కాదు" అన్న వాదనకు చోటివ్వొద్దు. పదిహేను రోజులు అందిన రోజు నుంచి లెక్క, నేను నెల రోజులు రాస్తాను, ఎక్కువిస్తే తప్పు లేదు. రద్దయిన తేదీ తర్వాత వాళ్ళిచ్చేది కిరాయి కాదు, అక్రమంగా ఉంటున్నందుకు నష్టపరిహారం. దాన్ని మీ వీధిలో ఇప్పుడు నడుస్తున్న కిరాయి లెక్కన అడగండి. పోస్టులో పంపేటప్పుడు, 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టు చేసి, అందినట్టు రుజువు కూడా అడిగి తీసుకోండి. వాళ్ళు తీసుకోకపోతే కంగారు పడకండి. సరైన చిరునామాకు పంపిన కవరు "తీసుకోవడానికి నిరాకరించారు" అన్న రాతతో తిరిగొస్తే మామూలుగా అందినట్టే లెక్క. ఆ కవరు చించకుండా అలాగే దాచండి, కోర్టులో అది మీకు సాక్ష్యం. అదే నోటీసు వాట్సాప్‌లోనూ పంపండి.

నోటీసు వెళ్ళాక ఒక చిన్న ఉచ్చు ఉంటుంది. నెల తిరగ్గానే వాళ్ళు నాన్నగారి ఫోన్‌పేకు 14,000 కొడతారు. నాన్నగారు సంతోషపడి "అందింది బాబూ, థ్యాంక్స్" అని పెడతారు. కోర్టులో వాళ్ళ లాయరు "కిరాయి తీసుకున్నారు, అంటే నోటీసు వదిలేసుకున్నట్టే" అని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 113 ఎత్తుతాడు. వచ్చిన డబ్బు వెనక్కి కొట్టక్కర్లేదు. అదే రోజు ఈ రెండు వాక్యాలు పంపితే చాలు: "మీరు పంపిన 14,000 పాత బాకీ కింద జమ చేసుకున్నాం. ఫలానా తేదీ నోటీసును మేము వెనక్కి తీసుకోలేదు." ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరిపేయొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది, అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే అది తేలిక. వాళ్ళ చెక్కు ఏదైనా బౌన్సయితే బ్యాంకు మెమో అందిన ముప్ఫై రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, ఆ గడువు దాటితే ఆ బౌన్సు మీద సెక్షన్ 138 కింద వేసే చెక్ బౌన్స్ కేసు పోయినట్టే.

దావా సంగతి. కోర్టు ఫీజు ఇంటి విలువ మీద కాదు, ఏడాది కిరాయి మీద లెక్కిస్తారు, కాబట్టి భయపడే మొత్తం కాదు. మీ వంద రూపాయల స్టాంపు మీద వాళ్ళ లాయరు తప్పకుండా అభ్యంతరం లేవదీస్తాడు. తక్కువ పడ్డ స్టాంపు డ్యూటీ, దానికి పదింతల జరిమానా కట్టేస్తే ఆ స్టాంపు అభ్యంతరం తీరిపోతుంది. నోటరీ చేయించాం కదా అంటారేమో, నోటరీకీ స్టాంపు డ్యూటీకీ సంబంధం లేదు.

మన కోర్టుల్లో ఓనరుకు రెండు మంచి ఆయుధాలున్నాయి. ఒకటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన హైకోర్టు చేర్చిన ఆర్డర్ 15-ఎ. ఖాళీ చేయించే దావాలో కిరాయిదారు తన జవాబు దాఖలు చేసేటప్పుడే వివాదం లేని బాకీని కోర్టులో కట్టాలి, తీర్పు వచ్చేదాకా నెలనెలా కడుతూనే ఉండాలి. కట్టకపోతే అతని డిఫెన్స్ (ఎదురు వాదన) కొట్టేయమని అడగొచ్చు. మీ లాయరు ఈ పిటిషన్ మొదట్లోనే వేస్తాడా లేదా అని అడగండి. వేయనివాడైతే వాయిదాలతో కాలం గడుపుతాడని నా అభిప్రాయం, తోటి లాయర్లు తిట్టుకున్నా సరే. రెండోది ఆర్డర్ 12 రూల్ 6. ఎదుటివాళ్ళు తమ జవాబులో కిరాయిదారులమేనని, కిరాయి 14,000 అని, నోటీసు అందిందని ఒప్పేసుకుంటే, సాక్షుల విచారణ దాకా ఆగకుండా ఖాళీ విషయం వరకు తీర్పు అడగవచ్చు. చాలామంది జవాబు నోటీసులోనే ఇవన్నీ ఒప్పుకుని, చెమ్మ గోడ గురించి మాత్రం పోట్లాడతారు. అందుకే వాళ్ళ జవాబు నోటీసు మీకు బంగారం.

"మాకు ఇల్లు అమ్ముతామన్నారు, లక్షలు అడ్వాన్సు ఇచ్చాం" అన్న కథ కూడా ఎక్కడో ఒకచోట వస్తుంది. కిరాయిదారుగా లోపలికి వచ్చినవాడు కిరాయి నడుస్తుండగా, ఇల్లు ఇచ్చిన నాటికి ఓనరుకు హక్కు లేదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. అమ్మకం ఒప్పందం ఉంటే దానికి వేరే దావా వేసుకోవాలి, ఆ పేరుతో కిరాయి ఎగ్గొట్టి ఉండిపోలేడు. పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందేమోనని మీ అమ్మగారు భయపడుతున్నారని రాశారు. కిరాయికి ఉన్నవాళ్ళకు అలా హక్కు రాదు, మీ అనుమతితో ఉన్నవాళ్ళు వాళ్ళు. నిశ్చింతగా ఉండమనండి.

డిక్రీ వచ్చాక అప్పీలు వేసి స్టే తెచ్చుకుంటారు. స్టే ఉచితంగా ఇవ్వకండని అడిగే హక్కు మీకుంది. 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు, ఖాళీ డిక్రీ వచ్చిన తర్వాత కూడా ఉండాలనుకునే కిరాయిదారు పాత కిరాయి కాకుండా మార్కెట్ కిరాయికి తగ్గ మొత్తం కట్టాలని షరతు పెట్టవచ్చని చెప్పింది. నెలకు 20,000 కట్టమంటే చాలామందికి అప్పీలు మీద మోజు తగ్గుతుంది. స్టే లేకపోతే అమలు పిటిషన్ వేస్తే కోర్టు అమీనా వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. తలుపు తీయకపోతే తాళం పగలగొట్టడానికీ, పోలీసు సాయానికీ కోర్టు నుంచే ఆర్డరు తీసుకోవాలి. వాళ్ళు సామాను వదిలేసి తాళం వేసుకుని మాయమైనా ఇదే దారి. ఖాళీగానే ఉంది కదా అని మీ అంతట మీరు తాళం పగలగొడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇదంతా విడిగా వంటగది, విడిగా తాళం ఉన్న పోర్షన్ గురించి. మీ ఇంట్లోనే ఒక గదిలో, మీ వంటింటి భోజనంతో పేయింగ్ గెస్టుగా పెట్టుకున్నవాళ్ళయితే అది సాధారణంగా లైసెన్సు (ఉండటానికి అనుమతి మాత్రమే) కిందికి వస్తుంది, సెక్షన్ 106 నోటీసు అక్కర్లేదు, వెళ్ళడానికి సహేతుకమైన గడువిచ్చి అనుమతి రద్దు చేయవచ్చు. కాగితం మీద "లైసెన్సు" అని రాసుకున్నంత మాత్రాన పోర్షన్ లైసెన్సు అయిపోదు, గది నిజంగా ఎవరి అధీనంలో ఉందో కోర్టు చూస్తుంది.

మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి అమ్మానాన్నల దగ్గర జీపీఏ (వాళ్ళ తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాయించుకుని వాయిదాలకు మీరు తిరుగుదామనుకోవచ్చు. దావా నడపడానికి అది సరిపోతుంది. కానీ ఇల్లు ఎవరు ఇచ్చారు, కిరాయి ఎంత మాట్లాడుకున్నారు అన్నవి నాన్నగారికి స్వయంగా తెలిసిన విషయాలు, వాటికి ఆయన బదులు మీరు సాక్ష్యం చెప్పలేరు. ఆయన ఆరోగ్యం బాగోకపోతే కోర్టు తరఫున సాక్ష్యం నమోదు చేసే కమిషనర్‌ను వేయించి ఇంట్లోనే సాక్ష్యం తీసుకోమని అడగండి. ఓనరే అమెరికాలో ఉంటే జీపీఏను అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి.

రాజీతో అయినా డిక్రీతో అయినా, తాళాలు చేతికొచ్చిన రోజు ఖాళీ గదులన్నీ తలుపుల దగ్గర నుంచి వీడియో తీయండి, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి. "ఫలానా తేదీన పోర్షన్ ఖాళీ చేసి తాళాలు అప్పగించాను, నాకు రావాల్సిందేమీ లేదు" అని వాళ్ళ చేత్తో రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు లెక్క తేల్చండి, కరెంటు బిల్లు మీ పేరునే వస్తుంది కాబట్టి చివరి నెల బిల్లు అందులోంచి మినహాయించుకోండి.